జీతమందని సైనికులు

వీడియో ఆటల ప్రసక్తి వస్తే మనలో తరచు వినిపించే మాటలు రెండు. ఒకటి, అవి పిల్లల కాలక్షేపం. వాటికి సాహిత్యంతో నిమిత్తం లేదు. రెండు, అవి పెట్టుబడిదారీ సంస్కృతి యువకుల చేతికందించిన మత్తుమందు; వాటిని ఖండిస్తే చాలు, పరిశీలించనక్కరలేదు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. కాని రెండింటికీ ఒక సౌలభ్యం కూడా ఉన్నది. ఒక్క ఆటనైనా ఆడి చూడకుండానే ఈ రెండు మాటలూ అనవచ్చు.

నేను పాఠం చెప్పే తరగతిలో నవల చదివే విద్యార్థులకంటే ఆటలాడే విద్యార్థులే ఎక్కువమంది. కథ అనేది వాళ్ళకు అచ్చులోకంటె తెరమీదనే హెచ్చుగా చేరుతున్నది. రాజెవరు, బంటెవరు, ఎవరిని చంపితే న్యాయం, ఎవరు చస్తే దుఃఖించాలి అన్న సంగతులను వాళ్ళకు నేర్పుతున్న కథలేవో తెలుసుకోవటం ఉపాధ్యాయుల బాధ్యత అని నా నమ్మకం. ఒక విద్యార్థి తన పాత పి.ఎస్.పి. యంత్రాన్నీ, అందులో ఆడవలసిన ఆటనూ ఇచ్చి, ముందు ఆడి ఆ తరువాత మాట్లాడమన్నాడు. ఆడాను. మొదటి అధ్యాయం ముగిసేసరికే నాకు కలిగిన అభిప్రాయాలు ఈ వ్యాసానికి ఆధారం. ఆ తరువాత కథ చివరిదాకా ఆడాను గనుక, ఆ తొలి అభిప్రాయాలు ఎంతవరకు నిలిచాయో కూడా చెప్పగలుగుతున్నాను.

ఆట పేరు 'ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్: ది వార్ ఆఫ్ ది లయన్స్'. జపాన్‌లో స్క్వేర్ కంపెనీ 1997 జూన్‌లో ప్లేస్టేషన్ కోసం విడుదల చేసిన ఆటకు ఇది 2007లో చేతిలో ఇమిడే పి.ఎస్.పి. కోసం సిద్ధం చేసిన రూపం. కథా, దర్శకత్వమూ యాసుమి మత్సునోవి. 2007 నాటి ఇంగ్లీషు అనువాదం పాతకాలపు నాటకాల భాషలో నడుస్తుంది. మొదట కొరుకుడు పడకపోయినా, నాలుగు సన్నివేశాలు గడిచేసరికి అలవాటవుతుంది. ఇదే ఆటను 2025 సెప్టెంబరులో కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారు. ఇరవై ఎనిమిదేళ్ళపాటు జనం మరచిపోని కథ ఏదైనా సరే, విమర్శకుడు దానివంక ఒకసారి చూడవలసిందే.

ఆట తీరు ఎరుగని పాఠకులకోసం రెండు మాటలు. చదరంగం బల్లను తీసుకొని, దాని గళ్ళను కొండ చరియలుగా, ఇళ్ళ కప్పులుగా, వాగులుగా ఎత్తుపల్లాలు చేసినట్టు ఊహించుకోండి. మన పక్షాన నలుగురైదుగురు, అవతల పక్షాన మరి కొందరు. ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు కదలాలి, కొట్టాలి, మందు ఇవ్వాలి, లేదా మంత్రం వేయాలి. ఒక యుద్ధానికీ ఇంకొక యుద్ధానికీ మధ్య బొమ్మలు మాట్లాడుకుంటాయి, కథ సాగుతుంది. బొమ్మలు చాల చిన్నవి, వాటికి ముక్కులు కూడా ఉండవు. ఆ ముక్కులేని బొమ్మలు మాట్లాడుకునే సంగతులు మాత్రం చిన్నవి కావు.

ఇవాలిస్ అనే కల్పిత రాజ్యం పొరుగున ఉన్న ఆర్డేలియాతో యాభై ఏళ్ళు యుద్ధం చేసి ఓడిపోయింది. ఖజానా ఖాళీ అయింది. రాజ్యం కోసం ప్రాణాలొడ్డిన సామాన్య సైనికులను జీతం బత్తెం లేకుండా ఇళ్ళకు పొమ్మన్నారు. వాళ్ళలో కొందరు కత్తులు దించలేదు, అడవులు పట్టారు. ఇంగ్లీషులో వాళ్ళ పేరు 'కార్ప్స్ బ్రిగేడ్', అంటే శవదళం. వీగ్రాఫ్ వాళ్ళ నాయకుడు. అతని చెల్లెలు మిలూడా మరొక నాయకురాలు. ప్రభువుల భాషలో వాళ్ళు దొంగలు. వాళ్ళ భాషలో వాళ్ళు తమకు రావలసిన బాకీ అడుగుతున్నవాళ్ళు.

మాయలూ మంత్రాలూ ఉన్న కథకు ఇటువంటి పునాది వేయటం గమనించదగిన విషయం. ఈ పునాది గాలిలోనుంచి పుట్టలేదు. ఐరోపా చరిత్ర చదివినవారికి ఈ సైనికులు పాత పరిచయస్థులే. ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య నూరేళ్ళ యుద్ధంలో 1360 నాటి బ్రెటిన్యీ సంధి తరువాత పని పోయిన కూలి సైనికులు దళాలుగా ఏర్పడి ఫ్రాన్సు పల్లెలమీద పడ్డారు. నార్మండీ చేజారిపోతున్న 1450లో ఇంగ్లండులోని కెంటులో జాక్ కేడ్ నాయకత్వాన తిరుగుబాటు లేచింది. ఆ తరువాత అయిదేళ్ళకు, 1455లో, రెండు రాజవంశ శాఖలు సింహాసనం కోసం కొట్లాట మొదలుపెట్టాయి. దానినే గులాబీల యుద్ధం అన్నారు. ఈ ఆటలో గులాబీలకు బదులు తెల్ల సింహం, నల్ల సింహం. లార్గ్, గోల్టానా అనే ఇద్దరు ప్రభువులు పసివాడైన రాజు పేరు చెప్పి ఒకరు, రాజకుమారి పేరు చెప్పి మరొకరు దేశాన్ని రణరంగం చేస్తారు. రాజవంశాల కొట్లాటకు ముందు జీతాల బాకీ ఉన్నది అన్న సంగతిని కథ మొదటి అధ్యాయంలోనే పెట్టటం మత్సునోకు చరిత్ర తెలుసునని చెప్పటానికి చాలు.

ఇక కథానాయకుడు. రాంజా, బెయోల్వ్ అనే పేరుగల సేనాని వంశంలో చివరి కొడుకు. తల్లి సామాన్య స్త్రీ. అతని స్నేహితుడు డెలీటా. డెలీటా, అతని చెల్లెలు టియెట్రా తల్లిదండ్రులు లేని సామాన్యుల బిడ్డలు. రాంజా తండ్రి వాళ్ళను తన ఇంట పెంచాడు. స్నేహితులిద్దరూ సైనిక విద్యాలయంలో చదువుతుండగా శవదళాన్ని ఏరివేయమని ఆజ్ఞ వస్తుంది. అక్కడినుంచి ఆట మన చేతికి వస్తుంది.

ఈ కళారూపానికీ తక్కిన వాటికీ భేదం ఇక్కడే తెలుస్తుంది. నవలలో భూస్వామి రైతును కొట్టిస్తే పాఠకుడు పక్కన నిలబడి చూస్తాడు, కోపం తెచ్చుకుంటాడు, పుస్తకం మూసి తన పక్షం ఏదో నిర్ణయించుకుంటాడు. ఇక్కడ కొట్టేవాడు పాఠకుడే. అన్నం లేక అడవి పట్టిన మనిషి వెనుకకు ఎట్లా చేరాలి, వెనుకనుంచి కొడితే దెబ్బ తప్పించుకోలేడు గదా, ముందు అతని వైద్యుణ్ణి చంపితే మేలా, విలుకాణ్ణి చంపితే మేలా అని లెక్కలు వేసేది నేనే. లెక్క సరిపోయినప్పుడు సంతోషం కలుగుతుంది. అది గెలుపు సంతోషమే. దాన్ని కాదనటం బొంకే అవుతుంది. ఆ సంతోషంలో ఉండగా ఎదుటి మనిషి నోరు తెరిచి తాను ఎవరో, ఎందుకు కత్తి పట్టాడో చెపుతాడు.

మిలూడాతో యుద్ధం రెండుసార్లు జరుగుతుంది. మొదటిసారి ఆమె తమను దొంగలన్నవారిని నిలదీస్తుంది. రాజ్యాన్ని కాచినవాళ్ళం మేము, మమ్మల్ని దోచుకున్నది మీరు, ఇప్పుడు దొంగలెవరని అడుగుతుంది. రాంజాతో పాటు ఉన్న ఆర్గాత్ అనే యువకుడు, పుట్టుకతోనే మీరు మాకు ఊడిగం చేయవలసినవారు, అది దైవశాసనం అన్న ధోరణిలో జవాబిస్తాడు. మీరు మనుషులే కారు అంటాడు. ఆమెను అక్కడ ప్రాణాలతో వదిలిపెడతారు. రెండోసారి వదలరు. వదలటానికి ఆటలో దారి లేదు. ఆమె మాట సబబని నాకు తోచింది. రాంజాకు కూడా తోచింది. అయినా ఆమె ప్రాణం తీస్తే తప్ప కథ కదలదు.

ఆట దారి చూపకపోవటాన్ని ఎట్లా అర్థం చేసుకోవాలి? ఆట తొలి ఘట్టాల్లో ఒకచోట మనకు ఎంపిక ఇస్తుంది. శవదళం చేతిలో చిక్కిన ఆర్గాత్‌ను ముందు కాపాడతావా, లేక దళాన్ని తుడిచిపెట్టటమే ముఖ్యమంటావా అని అడుగుతుంది. ఏది ఎంచుకున్నా కథ పోయే దారి ఒకటే. మూడో ఎంపిక ఒకటి ఉండవచ్చు: ఈ దళం అడుగుతున్నదేమిటో ముందు వినటం. అది జాబితాలో లేదు. బెయోల్వ్ ఇంటి బిడ్డ ముందు ఆ జాబితాను పెట్టింది అతని వర్గమే గనుక, అందులో ఆ మూడో మాట లేకపోవటం వాస్తవికతే అని ఒక వాదం చేయవచ్చు. ఆ వాదంలో బలం ఉన్నది. మొదటి అధ్యాయం చివర రాంజా ఇల్లూ పేరూ వదిలి పారిపోతాడు. అంతవరకు అతనికి జాబితా బయట ఆలోచన లేదు, మనకూ లేదు. ఆ మేరకు రూపమూ వస్తువూ కలిసి నడిచాయి.

ఆర్గాత్ పాత్ర ఈ అధ్యాయంలో అన్నిటికంటె బాగా చిత్రితమైనది. అతనిది దిగజారిన చిన్న ప్రభువుల కుటుంబం. యుద్ధకాలంలో తాత తోటివారిని అమ్ముకున్నాడనే నింద పడి ఆ ఇల్లు పరువూ ఆస్తీ పోగొట్టుకున్నది. పోయిన అంతస్తు తిరిగి సంపాదించాలన్న ఆరాటం తప్ప ఆ కుర్రవాడికి ఇంకొక ధ్యాస లేదు. తనకూ సామాన్యులకూ మధ్య మిగిలిన దూరం బెత్తెడు. ఆ బెత్తెడు దూరాన్ని కాపాడుకోవటం కోసం అతడు పెద్ద ప్రభువులకంటె కర్కశంగా మాట్లాడతాడు. కిందికి జారుతున్న మధ్య తరగతి ఫాసిజం చేతిలో ఎట్లా ఆయుధమవుతుందో సిద్ధాంత గ్రంథాల్లో చదివిన విద్యార్థికి, ఆర్గాత్‌ను చూస్తే ఆ వాక్యాలకు ముఖం దొరుకుతుంది.

టియెట్రా మరణం ఈ అధ్యాయానికి పరాకాష్ఠ. దళంలోని ఒక వర్గం రాంజా చెల్లెలు అల్మా అనుకొని టియెట్రాను ఎత్తుకుపోతారు. జీక్డెన్ కోట ముందు ఆ పిల్లను అడ్డం పెట్టుకొని బేరమాడబోతాడు ఒకడు. రాంజా రెండో అన్న జాల్‌బాగ్ ఆజ్ఞ ఇస్తాడు, ఆర్గాత్ బాణం వదులుతాడు, టియెట్రా కూలిపోతుంది. జాల్‌బాగ్ దుర్మార్గుడు కాడు. కథంతటా నీతి నియమాలున్న సేనానిగానే అతడు కనిపిస్తాడు. ఆ పిల్ల తన ఇంట పెరిగింది, తన చెల్లెలితో పాటు ఆడుకున్నది. అయినా ఆజ్ఞ ఇవ్వటానికి అతడు తటపటాయించనక్కరలేకపోయింది. అల్మా అయితే బేరం జరిగేది. టియెట్రా గనుక బాణం చాలు. ఒక మనిషి దుష్టత్వం వల్ల కాక, మనుషులను తూచే తూనికరాళ్ళే వేరు కావటం వల్ల ఈ హత్య జరిగింది అని కథ చెప్పకనే చెపుతున్నది. మన కథల్లో తరచు కనిపించే లోపం, దోపిడీ చేసేవాణ్ణి వ్యక్తిగతంగా నీచుడుగా చిత్రించి ఊరుకోవటం. ఆ లోపం ఇక్కడ లేదు.

ఇంతకుముందు డెలీటా, రాంజా ఒక సాయంకాలం మైదానంలో కూర్చుని గడ్డిపరకను పెదవుల మధ్య పెట్టుకొని ఊదుతారు. రాంజా తండ్రి నేర్పిన విద్య అది. ఇద్దరికీ ఒకరే నేర్పారు, ఇద్దరి గడ్డిపరకా ఒకే రకంగా మోగుతుంది. ఎంత శ్రమించినా కొన్ని మార్చలేనివి ఉంటాయన్న బాధ డెలీటా మాటల్లో అప్పుడే వినిపిస్తుంది. జీక్డెన్ దగ్గర బాణం పడ్డప్పుడు నాకు ఆ గడ్డిపరక జ్ఞాపకం వచ్చింది. దయగల ప్రభువు ఇంట అన్నం పెట్టి చదువు చెప్పించినంత మాత్రాన వర్గం చెరిగిపోదు అన్న మాటను ఉపన్యాసం లేకుండా చెప్పటం ఇదే.

ఇంతవరకు ప్రశంస. ఇక ఆట నియమాల సంగతికి వద్దాం. మనవాళ్ళు ఎవరైనా ఆటను విమర్శిస్తే కథను మాత్రమే విమర్శించి ఊరుకుంటారు. అది నాటకాన్ని ప్రదర్శన చూడకుండా అచ్చు ప్రతినిబట్టి విమర్శించటం వంటిది. ఆటలో నియమాలు కూడా మాట్లాడతాయి. కొన్ని సందర్భాల్లో కథ చెప్పినదానికి విరుద్ధంగా మాట్లాడతాయి.

ఊళ్ళలో సైనికులను చేర్చుకునే చోట్లుంటాయి. డబ్బు చెల్లించి కూలి సైనికులను మన దళంలోకి తీసుకోవచ్చు. పి.ఎస్.పి. ఆటలో దళంలో ఇరవై నలుగురిదాకా పడతారు. చేర్చుకునేటప్పుడు చెల్లించిన డబ్బే డబ్బు. ఆ మీదట వాళ్ళకు జీతం లేదు. రెండో అధ్యాయంనుంచి సారాయి అంగళ్ళలో దొరికే పనులకు వాళ్ళను పంపవచ్చు. రోజుల తరబడి ఎక్కడో కష్టపడి సంపాదించుకొచ్చిన సొమ్ము మన సంచిలో పడుతుంది. యుద్ధంలో వాళ్ళు కూలితే తలమీద అంకెలు తిరుగుతాయి. మూడు వంతులు గడిచేలోగా లేపకపోతే ఆ మనిషి ఇక లేడు. ఆ చోట ఒక స్ఫటికమో, పెట్టెనో మిగులుతుంది. ఆ స్ఫటికాన్ని తొక్కినవాడికి చచ్చినవాడు నేర్చిన విద్య సంక్రమించవచ్చు. శ్రామికుడి నైపుణ్యాన్ని పిండుకోవటాన్ని ఇంతకంటె పచ్చిగా బొమ్మ కట్టటం కష్టం. కాని ఆట దీనిని విమర్శగా చూపటం లేదు, వసతిగా ఇస్తున్నది.

మరొక నియమం ఇంకా చిత్రమైనది. ప్రతి సైనికుడికీ ధైర్యం, భక్తి అని రెండు కొలతలుంటాయి. ధైర్యం మరీ అడుగంటితే భయపడి దళం వదిలిపోతాడు. భక్తి మితిమీరితే యుద్ధమే వద్దని వెళ్ళిపోతాడు. జీతం అందలేదని మాత్రం ఎవ్వడూ వెళ్ళడు. జీతమందని సైనికుల తిరుగుబాటుతో మొదలైన కథలో, ఆటగాడి సైన్యమే జీతమెరుగని సైన్యం. పైగా తిరుగుబాటు అంటే ఏమిటో ఎరుగని సైన్యం. అరువది డెబ్బది గంటలు ఈ సైన్యాన్ని నడిపినవాడు మిలూడా ప్రశ్నను చెవితో వింటాడు, చేత్తో మరచిపోతాడు.

దీనికి తోడు నైపుణ్యం పెంచుకోవటమనే తంతు ఒకటి ఉన్నది. ఏ పని చేసినా కొన్ని అంకెలు కలుస్తాయి. అంకెలు కూడితే కొత్త విద్య వస్తుంది. కాబట్టి ఆటగాళ్ళు శత్రువును ఒక్కణ్ణి బతకనిచ్చి, వాడి ఎదుట తమలో తాము రాళ్ళు రువ్వుకుంటూ గంటలు గడుపుతారు. నేనూ ఆ పని చేశాను. విసుగుగా ఉంటుంది, మానబుద్ధి కాదు. రైలులో, బస్సులో, మంచంమీద ఎక్కడ పడితే అక్కడ తెరిచి చేసుకునేందుకు వీలుగా చేతి యంత్రం దీన్ని మరీ సులువు చేసింది. పని ముగించుకొని ఇంటికి వచ్చిన మనిషి విశ్రాంతి పేరుతో మళ్ళీ పనివంటి దానినే చేయటం, ఆ పనికి ఫలం అంకెల రూపంలో వెంటనే కనిపించటం ఆలోచించవలసిన సంగతి. బయట అతని అసలు శ్రమకు అంత నికరంగా ఫలితం దొరకటం లేదు గనుకనే ఇక్కడ ఈ రుచి.

ఇప్పుడు కథ తరువాతి భాగం. మొదటి అధ్యాయం రేపిన ఆశను తక్కిన మూడు అధ్యాయాలు నిలుపుకున్నాయా? కొంతవరకే. గ్లాబడోస్ మతపీఠం పవిత్ర గ్రంథాల వెనుక దాచిన నిజం, ఆ పీఠం రెండు సింహాలనూ ఉసికొల్పి తన బలం పెంచుకోవటం చక్కగా చిత్రించబడ్డాయి. నిజాన్ని రాసిపెట్టిన ఒరాన్ డ్యురైని పీఠం మతద్రోహిగా సజీవ దహనం చేయిస్తుంది. శతాబ్దాల తరువాత అతని వంశంలో పుట్టిన అరాజ్లాం అనే చరిత్రకారుడు ఆ కాగితాలను బయటపెట్టి మనకీ కథ చెపుతున్నాడు. చరిత్ర గ్రంథాల్లో డెలీటా వీరుడు, రాంజాకు చోటు లేదు, నిజం వేరు. చరిత్ర ఎవరు రాస్తున్నారు, ఎవరికోసం రాస్తున్నారు అన్న ప్రశ్నను లక్షలమంది యువకుల ముందు పెట్టటం చిన్న విషయం కాదు.

కాని శవదళం ఏమయింది? మొదటి అధ్యాయంతో అది కథలోనుంచి దాదాపు అదృశ్యమవుతుంది. వీగ్రాఫ్ మిగులుతాడు, ఎట్లా మిగిలాడో చూడండి. ఓడిపోయి, చెల్లెల్ని పోగొట్టుకొని, అతడు మతపీఠం యోధుల్లో చేరతాడు. చావుబతుకుల్లో ఉండగా రాశి చిహ్నమున్న ఒక మాయరాయి అతనితో మాట్లాడుతుంది; అతడు రాక్షసుడవుతాడు. సామాన్యుల హక్కుకోసం కత్తి పట్టిన నాయకుడు కొమ్ములున్న భూతంగా మారి మన చేతిలో చస్తాడు. ఉద్యమాలు ఓడినప్పుడు నాయకులు చెడిపోరా అంటే, చెడిపోతారు. చరిత్రలో ఉదాహరణలకు కొదువ లేదు. అధికారం ఎరజూపితే లొంగిన విప్లవకారుడి పతనాన్ని మనుషుల కథగా రాసి ఉంటే అది గొప్ప అధ్యాయం అయ్యేది. రాయి చేసిన పనిగా రాయటం వల్ల అతని పతనానికి కారణం సమాజంలోనుంచి జారిపోయి పాతాళానికి చేరింది.

తక్కిన కథకు కూడా అదే గతి పట్టింది. రెండు సింహాల యుద్ధం వెనుక మతపీఠం ఉన్నది, మతపీఠం వెనుక రాక్షసులున్నారు, కాబట్టి రాక్షసులను చంపితే సరిపోతుంది అన్న చోటికి కథ చేరుతుంది. రాక్షసులు ప్రతీకలే గదా అని మిత్రులు కొందరు అంటారు. ప్రతీకలు కావటానికి నాకు అభ్యంతరం లేదు. ప్రతీక ఏ వస్తువుకు నిలబడుతున్నదో ఆ వస్తువును మన కంటికి దగ్గర చేయాలి. జీతాలు ఎగ్గొట్టిన ఖజానా, పుట్టుకనుబట్టి మనిషికి విలువ కట్టే చట్టం, వీటిని ఈ రాక్షసులు దగ్గర చేయటం లేదు, కప్పివేస్తున్నారు.

డెలీటా కథ మాత్రం రాక్షసుల జోలికి పోకుండా చివరిదాకా మనుషుల నేలమీదనే నడుస్తుంది. అందుకే అది బలంగా ఉన్నది. చెల్లెలి శవం చూసిన రోజునుంచి అతడు ఒకటే నిశ్చయించుకుంటాడు: నన్ను వాడుకునేవాళ్ళను నేను వాడుకుంటాను. అందరినీ మెట్లుగా చేసుకొని పైకెక్కి, రాజకుమారి ఒవీలియాను పెళ్ళాడి, రాజవుతాడు. మన జానపద చిత్రాలు చూసిపెరిగినవారికి ఈ కథ తెలిసినదే. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటమాలి కొడుకు రాముడు మాంత్రికుణ్ణి జయించి రాజకుమారిని పెళ్ళాడితే, నేల టిక్కెట్టు కొనుక్కున్న ప్రేక్షకుడు తానే గెలిచినట్టు ఈలవేశాడు. ఆ ఈలలో న్యాయమైన కోరిక ఉన్నది. మత్సునో అదే కోరికను తీసుకొని, తీరిన తరువాత ఏమవుతుందో చూపించాడు. తననూ మెట్టుగానే వాడుకున్నాడని నమ్మిన ఒవీలియా డెలీటాను పొడుస్తుంది. అతడు ఆమెను పొడుస్తాడు. రాంజాను తలుచుకుంటూ, నీకేమి దక్కింది, నాకేమి దక్కింది అన్న అర్థం వచ్చే మాట అంటాడు. సామాన్యుడొకడు సింహాసనమెక్కాడు. సింహాసనం ఉన్నచోటనే ఉన్నది. ఒంటరిగా ఎక్కినవాడు ఎక్కడానికి ఎవరెవరిని తొక్కాడో వాళ్ళే అతనికి చివర మిగిలిన లెక్క. వ్యక్తిగత అభ్యున్నతిని ముక్తిమార్గంగా అమ్ముతున్న కాలంలో ఈ ముగింపు విలువైనది.

ఒక కళారూపం ఏ నేలలో పుట్టిందో చూడకుండా దానికి తీర్పు చెప్పకూడదు. 1990ల మొదట్లో జపాన్‌లో భూముల ధరలు, షేర్ల ధరలు బుడగలాగా పేలిపోయాయి. ఒకసారి కొలువులో చేరితే జీవితాంతం ఢోకా లేదన్న నమ్మకం బీటలు వారింది. ఈ ఆట 1997 జూన్‌లో వచ్చింది. అదే యేడు నవంబరులో, 1897లో పుట్టిన యమాయిచి సెక్యూరిటీస్ సంస్థ మూతపడింది. ఆట ఆ మూసివేతను చిత్రించిందని నేననను. కంపెనీకోసం ఏళ్ళు ధారపోసినవాళ్ళకు, ఖజానా ఖాళీ అయింది ఇక మీరు వెళ్ళవచ్చు అని చెపుతున్న దేశంలో, జీతమందని సైనికుల కథ శ్రోతలకు అర్థం కావటానికి వ్యాఖ్యానం అవసరం లేకపోయి ఉంటుంది అని మాత్రం అంటాను. ఒప్పందపు ఉద్యోగాల మధ్య, గడువు తీరిన నియామకాల మధ్య బతుకుతున్న మన విద్యార్థులకు కూడా ఆ వ్యాఖ్యానం అవసరం లేదు.

మొత్తంమీద నా అభిప్రాయం ఇది. ఈ ఆట మొదటి అధ్యాయం వర్గ సమాజాన్ని చిత్రించటంలో మంచి నవలలతో పోల్చదగినది. ఆటగాడి చేతనే ప్రభువుల పని చేయించి, ఆ పని ఏమిటో తరువాత అతనికే తెలియజెప్పటం నవలకు సాధ్యం కాని శిల్పం. కాని ఆ తెలివిడి తరువాత ఏమి చేయాలన్న చోట కథ తడబడి రాక్షసుల వెంటపడింది. నియమాలు ఆ తెలివిడి అసలు జరగనట్టే నడిచాయి. కథ అడిగిన ప్రశ్నను నియమాలు అడగనివ్వలేదు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి, ఈ ఆటలను తరగతి గది గుమ్మం బయట ఆపవద్దు. ఆడిన విద్యార్థిని లేచి చెప్పమనండి. మిలూడా అడిగినదానికి రాంజా ఏమి జవాబు చెప్పి ఉండవలసింది? నీ దళంలో ఇరవై నలుగురికి నీవు జీతమిచ్చావా? ఇవ్వకపోతే వాళ్ళెందుకు ఊరుకున్నారు? అరాజ్లాం రాంజా పేరు నిలబెట్టాడు, మంచిదే. మిలూడా చరిత్ర రాయటానికి కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి? ఈ ప్రశ్నలకు జవాబు వెతికే విద్యార్థి ఏ చరిత్ర పుస్తకాన్నయినా ఇంకొక కంటితో చదువుతాడు. విద్యార్థి మిత్రుల్లో ఆటలు తయారుచేయటం నేర్చుకుంటున్నవారు కూడా ఉన్నారు. వాళ్ళు తమ ఆటలో సైనికులకు జీతాల పట్టీ ఒకటి పెట్టి, అది చెల్లించకపోతే ఏమవుతుందో నియమంగా రాసి చూడవచ్చు. అది కష్టమైన పనేమీ కాదు. ఎవరూ అడగని పని, అంతే.

ఆట చివర రాక్షసులందరూ చస్తారు. రాంజా, అల్మా ఎటో వెళ్ళిపోతారు. కొత్త రాజు పట్టాభిషిక్తుడవుతాడు. యాభై ఏళ్ళ యుద్ధంలో పోరాడిన సైనికుల బాకీ మాత్రం ఆ రాజ్యపు పద్దుల్లో తీరనేలేదు.